చలి ఎల్లిపోయే ముందు మా పెద్దమ్మ ఊర్ల ఐదొద్దులు

గురువారం

పొద్దున ఆరున్నరకు ఉప్పల్‌ల హన్మకొండ బస్సు ఎక్కిన. ఫిబ్రవరి మొదటి వారం, మేం హైదరాబాద్‌ల స్వెటర్లు లోపల పెట్టేసి నాలుగొద్దులైంది గానీ భువనగిరి దాటినంక బస్సు అద్దాలు మొత్తం మంచుకు మూసుకపోయినయి, జనగామ దాకా ఏ ఊరు పోతుందో తెల్వలే, డ్రైవర్ లైట్లేసుకొని మెల్లగ పోనిచ్చిండు. పెద్దమ్మ ఫోన్ పోయిన వారమే వచ్చింది. "కాయ కల్లంల పడ్డది కొడుకా, నువ్వొస్తే నాకొక మనిషి తోడు" అన్నది, గంతే. పెదనాన్న పోయి నాలుగేండ్లు, అన్న దుబాయ్‌ల, అక్క మంచిర్యాలల. ఎకరం మిరపతోట, ముప్పై గుంటల పొలం ఆమె ఒక్కతే చూసుకుంటది. అందుకే ఏటా మిర్చి టైంకు ఐదొద్దులు లీవ్ పెట్టుకొని పోత.

హన్మకొండల నర్సంపేట బస్సు పట్టుకున్న. సీట్లన్నీ ఆడోళ్ళే, ఒకామె ఒళ్ళె బెల్లం బుట్ట, అది మేడారం బంగారం అని చూడంగనే తెలుస్తది. 2026 జనవరి 28 నుంచి 31 దాకా సమ్మక్క సారలమ్మ జాతర అయింది కదా, అక్కడి మొక్కు బెల్లాన్నే బంగారం అంటం, పోయినోళ్ళు తెచ్చిన బంగారం ఇంకా చుట్టాలకు పంచుడు అయిపోలే. గీసుగొండ దాటుతుంటే రోడ్డుకు రెండు దిక్కుల మక్కచేన్లు, మధ్యమధ్యల ఎర్రగ పరిచిన కల్లాలు. కొమ్మాల దగ్గరికొచ్చినంక నా పక్కనున్న ముసలాయన గుట్ట దిక్కు చేతులెత్తి దండం పెట్టుకున్నడు, హోళీకి నరసింహస్వామి జాతర, ఇంక నెలే ఉన్నదని లెక్కపెట్టుకుంటున్నడు. జాతర పోయిందంటే జాతర వస్తది మా దిక్కు.

నర్సంపేటల ఆటో మాట్లాడుకొని ఖానాపురం దిక్కు పోతే పాకాల ఆయకట్టు కింద ఉంటది మా పెద్దమ్మ ఊరు. ఊరి పేరు రాస్తలేను, దీంట్ల నలుగురి ఇండ్ల సంగతులున్నయి. ఆటో దిగి ఇంటికి పోయేలోపల ఆరుగురు ఆపిండ్రు, ఆరుగురూ అవే మూడు మాటలు అడిగిండ్రు, ఎప్పుడొచ్చినవ్, పిల్లలు మంచిగున్నరా, ఎన్నొద్దులుంటవ్. నాకు ఇది చాలా ఇష్టం. మా అపార్ట్‌మెంట్ల లిఫ్ట్‌ల రోజూ ఎదురుపడే మనిషి ఏం పని చేస్తడో ఇప్పటికీ నాకు తెల్వది.

పెద్దమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చి, నేను తువ్వాలతోటి తుడుసుకుంటుండంగనే ఊరి ముచ్చట్లు మొదలుపెట్టింది. చివరింటి తాత జాతర వారంలనే పోయిండు, సగం ఊరు మేడారంల ఉండె, ఊర్ల మిగిలిన పది మందే మోసుకపోయిండ్రు, పాడె మోసే మనిషి తక్కువైతే పొలంల నాట్లేసే బీహార్ పిల్లగాడు చేతులు కడుక్కొని వచ్చి భుజం పట్టిండట. ఇది చెప్పేటప్పుడు పెద్దమ్మ కొద్దిసేపు ఆగింది. "వాని పేరు కూడ తెల్వదురా మాకు" అన్నది. ఎదురింటోళ్ళ బర్రె నిన్ననే ఈనింది, దుడ్డె. ఈ ముచ్చట పూర్తిగనే కాలేదు, ఎదురింటి వదిన గిన్నెల జున్ను పట్టుకొచ్చింది. మేడారం బంగారం వేసి వండిన జున్ను, ఇలాచీ వాసన, ఇంకా వెచ్చగున్నది. మొదటి రోజు పాలది గట్టిగుంటది, చెంచతోటి కోస్తే ముక్కలు ముక్కలుగ వస్తది, మా పిల్లలకు దాన్ని ఏమనాలె, ఎట్లుంటదో మాటలతోటి చెప్తే సమజ్ కాదు.

సాయంత్రం ఒక సంగతి కనిపెట్టిన. పక్కింటి కాక వాకిట్ల కూసున్నడు, నన్ను చూసి లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నడు, మంచిగనే మాట్లాడిండు, పెద్దమ్మ బయటికి రాంగనే మాట ఆపి మోటర్ పెట్టేది యాదికొచ్చినట్టు పోయిండు. ఏమైందని అడిగితే పెద్దమ్మ పొయ్యిల కట్టె ఎగదోసి, "ఓట్ల కాడ" అన్నది. డిసెంబర్‌ల పంచాయతీ ఎన్నికలైనయి కదా, కాక కోడలు వార్డుకు నిలబడ్డది, ఏడు ఓట్లతోటి ఓడిపోయింది, గెలిచినామె మా పెద్దమ్మ తల్లిగారి దిక్కు చుట్టం. అప్పటిసంది ఈ రెండిండ్ల మధ్య మాటల్లేవు. నలభై ఏండ్లు ఒకే గోడకు అటు ఇటు బతికినోళ్ళు. ఆమె ఎవరికి ఓటేసిందో నేను అడగలే, ఆమె చెప్పలే.

శుక్రవారం

ఐదింటికే మెలకువ వచ్చింది చలికి. గొంగడి కప్పుకొని బయటికొస్తే బజార్ల అప్పటికే చలిమంట, పత్తికట్టె తెచ్చి వేసిండ్రు, అది గడ్డి లెక్క భగ్గున మండి అయిపోతది, అందుకే ఎవరు వచ్చినా చంకల ఒక మోపు పట్టుకొని రావాలె, ఉత్త చేతులతోటి వచ్చి కూసోవద్దు. శివరాత్రికి చలి శివశివ అనుకుంట పోతది అంటరు, శివరాత్రి ఇంక దగ్గర్లనే ఉన్నది గాని ఇక్కడ ఈ చలికి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఊరు గురించి ఏం తెలుసుకోవాలన్నా ఆ మంట కాడ గంట కూసుంటే చాలు. ఎవల బోరు ఎత్తిపోసింది, ఎవల బిడ్డకు సంబంధం కుదిరి మాఘమాసంల ముహూర్తం పెట్టుకున్నరు, ఎవలింట్ల కోతులు పెంకులు లేపినయి, రేషన్ల సన్నబియ్యం ఎప్పుడు వస్తది, వరంగల్ ఎనుమాముల మార్కెట్ల నిన్న తేజ మిర్చి ఎంత పలికింది, అన్నీ. ఒకాయన ఫోన్‌ల రేట్లు చదువుతాంటే మిగిలినోళ్ళు మంట దిక్కు చూసుకుంట విన్నరు. 2021ల నల్ల తామర పురుగు వచ్చిన సంగతి మళ్ళ తీసిండ్రు, ఆ ఏడు పూత మీదనే పడ్డది, పూలు రాలిపోయినయి, ఏ మందు కొట్టినా ఆగలే, చాలా మంది తోటలు దున్నేసిండ్రు. మా పెదనాన్న ఆ ఏడు తోటను దున్నలే, ఒక్కొక్క చెట్టు కాడ నిలబడి చూసుకుంట తిరిగిండు. ఆ సంగతి అక్కడున్నోళ్ళందరికీ తెలుసు, ఎవరూ తీయలే, నా దిక్కు చూసి పక్క మాటల పడ్డరు. కాక కూడ అక్కడనే ఉన్నడు, పుల్లతోటి నిప్పులు కదిపిండు.

ఎనిమిదింటికి తోటకు పోయినం. రెండో ఏరుడు. పన్నెండు మంది ఆడోళ్ళు, చీరల మీద ఇంట్ల మగోళ్ళ ఫుల్ చేతుల అంగీలు, తలకు తువ్వాల, మొఖానికి గుడ్డ, కండ్లు తప్ప ఏం కనిపించవు. చేత్తోటి కాయను పట్టి తొడిమ కాడ చిన్నగ మెలిపెడితే వస్తది, గుంజితే కొమ్మ విరుగుతది. నేను గంట ఏరిన, బుట్ట సగం కూడ నిండలే, వాళ్ళు అప్పటికి రెండు బుట్టలు వంపిండ్రు.

పెద్దమ్మ సగం తేజ, సగం చపాట పెట్టింది. తేజ సన్నగ పొడుగు, ఘాటు ఎక్కువ, చేతులు మండుతయి. చపాటను మేం టమాట మిర్చి అంటం, గుండ్రంగ లావుగ ఉంటది, కారం తక్కువ, రంగు మాత్రం చూస్తే కండ్లు తిప్పబుద్ధి కాదు, పచ్చళ్ళకు దాన్నే అడుగుతరు. 2025ల వరంగల్ చపాటకు జీఐ ట్యాగ్ వచ్చింది. పెద్దమ్మకు ఆ సంగతి చెప్తే "ట్యాగ్ అంటే బస్తాకు కడుతరా" అని అడిగింది. ఇది మన దిక్కు కాయ అని ప్రభుత్వం రాసిచ్చింది, వేరేటోళ్ళు ఆ పేరు పెట్టుకోవద్దు అని చెప్పిన. "మా అత్త దాచిన గింజలు ఇవి, రాసియ్యాల్నా" అన్నది. నిజమే, ఈ గింజలు ఏటా ఇండ్లల్ల దాచుకుంటనే ఇంత దూరం వచ్చినయి, మంచి కాయలు ఏరి, పక్కకు ఆరబోసి, గింజ దులిపి డబ్బల పోసిపెడుతరు.

రాత్రి బియ్యప్పిండితోటి సర్వప్ప కాల్చింది, గంజుకు వేళ్ళతోటి ఒత్తి, మధ్యల మధ్యల బొక్కలు పెట్టి నూనె పోసి. తిన్నంక నా చేతులు మండుతుంటే మంచినూనె రాసింది, నీళ్ళతోటి కడగకు ఇంకెక్కువైతది అన్నది.

శనివారం

మార్కెట్ శని, ఆదివారాలు బంద్, అందుకే కాయ ఎండనిచ్చుడు తప్ప తొందర పని లేదు. ఎదురింటి వాళ్ళ పిల్లగాని బండి తీసుకొని పాకాల పోయిన. గణపతిదేవుడు ఏలిన కాలంల, 1213 ప్రాంతంల కట్టిన చెరువు, ఎనిమిది వందల ఏండ్లు దాటినా తూముల నుంచి ఇంకా నీళ్ళు వస్తున్నయి, మా పెద్దమ్మ ముప్పై గుంటల నాట్లకు ఆ నీళ్ళే. కట్ట మీద నిలబడితే ఎదురుంగ గుట్టలు, అడవి, నీళ్ళ మీద మంచు పొర, పిట్టలు. మోదుగు చెట్లకు ఆకులు రాలిపోయి మొగ్గలు నల్లగ ముడుసుకొని ఉన్నయి, ఇంక పది పదిహేనొద్దులైతే ఎర్రగ విచ్చుకుంటయి. వచ్చేటప్పుడు తుంగబంధం కాల్వ పక్కనుంచి వచ్చిన. నీళ్ళ వంతు కాడ ఇద్దరు వాదులాడుకుంటున్నరు, రాత్రి నా మడిల నుంచి నువ్వు మళ్ళిచ్చినవ్ అంటే నువ్వే మళ్ళిచ్చినవ్ అని, నేను ఆగి చూస్తుంటే ఇద్దరూ నన్ను చూసి "ఫలానా ఆమె కొడుకువా" అని అడిగి, కాదు చెల్లె కొడుకును అంటే "చాయ్ తాగి పో" అన్నరు.

అసలు సంగతి ఆ రాత్రిది. పదకొండు దాక కల్లం కాడ మంచమేసుకొని పడుకున్న, మిరపకాయ ఆరబోసినప్పుడు ఎవలో ఒకలు కావలి పండాలె. చుట్టుపక్కల ఐదారు కల్లాలు, ఒక్కొక్క దాని కాడ ఒక్క మనిషి, చీకట్ల బీడీ నిప్పులు, దగ్గులు. నిద్రల ఉండంగ మొఖం మీద ఒక్క చినుకు పడ్డది. లేచి చూస్తే ఒక్క చుక్క లేదు ఆకాశంల, అంత మబ్బే.

ఎండిన మిర్చి మీద వాన పడితే ఏమైతదో తెల్వనోళ్ళకు చెప్త. కాయ నల్లబడుతది, బూజు పడుతది, తెల్ల మచ్చలొస్తయి, దాన్ని తాలు అంటరు, తాలుకు సగం రేటు కూడ రాదు. అందుల చపాట తోలు మందం, ఒకసారి తడిసిందంటే లోపల ఆరదు. ఆర్నెల్ల కష్టం, మందుల బాకీ, అన్నీ ఆ కల్లంల పరిచి ఉంటయి.

నేను "పెద్దమ్మా" అని ఒర్రిన, అంతే, ఇగ అన్ని దిక్కుల నుంచి టార్చిలైట్లు. పెద్దమ్మ చెప్పులు కూడ లేకుంట ఉరికొచ్చింది, ఇద్దరం చెరొక దిక్కు నుంచి కాయను కుప్ప చేస్తున్నం, చెక్కతోటి ఎగదోస్తే కాయ గలగలమంటున్నది, ఆ గలగల అంటే ఎండింది అన్నట్టు, లోపల గింజలు విడిపోయి మోగుతయి, ఆ సప్పుడు వింటుంటే ఇంకా భయమైంది, ఇంత మంచిగ ఎండిన కాయ తడుస్తదని. మా పరదా ఒకటే, కుప్పకు చాలుతలేదు. అప్పుడు చీకట్ల నుంచి ఇంకో పరదా వచ్చి నా కాళ్ళ కాడ పడ్డది. పక్కింటి కాక. ఆయన కల్లం ఆయన కొడుకు, కోడలు కప్పుతున్నరు.

ఒక మూల నాకిచ్చి ఇంకో మూల ఆయన పట్టుకున్నడు. పెద్దమ్మ రెండు గజాల దూరంల ఉన్నది. కాక నాతోటి అన్నడు, "మీ పెద్దమ్మకు చెప్పు, ఆ పల్లం దిక్కు కట్ట వేయలే, నీళ్ళు కిందికెళ్ళి వస్తయని." నేను చెప్పేలోపలనే పెద్దమ్మ, "చెప్పు ఆయనకు, పొద్దుగాలనే మట్టి పోసిన." "చెప్పు, పోసింది సాలదని." "చెప్పు, పార ఆడున్నదని." కాక పార తీసుకొని కట్ట పోసిండు. పెద్దమ్మ రాళ్ళు మోసుకొచ్చి అంచుల మీద పెట్టింది. నేను మధ్యల నిలబడి ఇటు అటు చూసుడే, ఒక్క మాట కూడ నేను చెప్పాల్సిన అవసరం రాలే. ఇరవై నిమిషాలు సన్నగ చినికి ఆగిపోయింది. ఆయన పరదా తీసుకపోలే, "చెప్పు, రేపు రాత్రికి కూడ ఉండనియ్యమను" అనుకుంట పోయిండు.

పెద్దమ్మ కుప్ప పక్కన కూసొని కొంగుతోటి కాళ్ళ బురద తుడుసుకున్నది. శానాసేపు ఏం మాట్లాడలే. తర్వాత, "మీ పెదనాన్న పోయినప్పుడు కూడ ఆయినే ముందుగాల ఉరికొచ్చింది" అన్నది.

ఆదివారం

తెల్లారి ఎండ మంచిగ కాసింది. పరదాలు తీసి చూస్తే ఒక్క మూల రెండు చేతుల కాయ తడిసింది, అంతే. దాన్ని వేరే చాపల పోసినం. మధ్యాహ్నం దాక మళ్ళ పరిచి, తాలు ఏరుడు. పెద్దమ్మ ఒక కాయను చెవి కాడ ఊపి, వేళ్ళ మధ్య వంచింది, పటుక్కున విరిగితే ఎక్కువెండినట్టు, తూకం పోతది, మెత్తగ వంగితే ఇంకా తడి ఉన్నట్టు, కొద్దిగ వంగి మళ్ళ నిలబడాలె. నా చేతికిచ్చి వంచమన్నది. నాకు అన్నీ ఒకే లెక్క అనిపించినయి, ఆమె మాత్రం చపాటల రెండు బస్తాల కాయను ఇంకో రోజు ఎండాలని పక్కకు పెట్టింది.

సాయంత్రం పదకొండు బస్తాలైనయి. బస్తాల తొక్కేటోళ్ళు ఊర్ల ఇద్దరే, కాళ్ళతోటి తొక్కుతుంటే ఘాటు లేచి అందరం తుమ్ములే తుమ్ములు, ఎదురింటి పసిపిల్ల కూడ. ట్రాలీ ఎవలిదని చూస్తే కాకదే. ఆయన తొమ్మిది బస్తాలు, మాయి పదకొండు. పెద్దమ్మ నాతోటి, "కిరాయి ఎంతనో అడుగు." కాక నాతోటి, "డీజిల్‌ల సగం ఇయ్యమను." "సగం ఎందుకు, నాయి రెండు బస్తాలెక్కువ, చెప్పు." ఈసారి కాక నవ్వు ఆపుకున్నట్టు మొఖం పక్కకు తిప్పిండు, చీకట్ల సరిగ కనిపించలే గాని నాకు అట్లనే అనిపించింది.

సోమవారం

రాత్రి రెండింటికి బయలుదేరినం, నేను, కాక, వాళ్ళ కొడుకు ముందల, పెద్దమ్మ బస్తాల మీద గొంగడి కప్పుకొని కూసున్నది, లోపలికి రమ్మంటే రాలే. రెండు రోజుల సెలవు తర్వాత సోమవారం అంటే ఎనుమాములకు ట్రాలీలు వరుసకట్టి వస్తయి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ దిక్కు నుంచి వచ్చిన రైతులు బస్తాల పక్కనే గొంగళ్ళు కప్పుకొని పడుకున్నరు. తెల్లారేసరికి యార్డు మొత్తం ఎర్రటి వరుసలు, గాలి పీలిస్తే గొంతు పట్టుకుంటది, అందరి ముక్కులకు తువ్వాలలు.

పొద్దున జెండా పాట. ఖరీదుదార్లు, అడ్తిదార్లు (కమీషన్ మీద అమ్మిపెట్టేటోళ్ళు) ఒక గుంపుగ వచ్చి మంచి కాయ ఉన్న బస్తాల కాడ నిలబడి పాట మొదలుపెడుతరు, ఆ రోజు ఎక్కువ రేటు అక్కడ తేలుతది, మిగిలిన కాయకు దాన్ని బట్టి, క్వాలిటీని బట్టి రేటు. మా బస్తా కోసి ఒకాయన పిడికెడు తీసిండు, ఊపిండు, వాసన చూసిండు, ఒక కాయ వంచిండు. అచ్చం పెద్దమ్మ వంచినట్టే. పెద్దమ్మ ఆయన వేళ్ళ దిక్కే చూస్తున్నది, రెప్ప వేయలే. కాయ వంగి మళ్ళ నిలబడ్డది. రేటు చెప్పిండు, పెద్దమ్మ తల ఊపింది. కాంటా అయి, తక్‌పట్టీ, అంటే తూకం, రేటు, పైసల లెక్క రాసిన చిట్టీ, చేతిల పడేసరికి పదకొండు దాటింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెల పెట్టుకున్నది, అన్నకు వాట్సాప్‌ల ఫోటో పెట్టమంటే మళ్ళ తీసింది, మళ్ళ మడత పెట్టింది.

మార్కెట్ బయట హోటల్ల నలుగురం ఇడ్లీ తిన్నం, ఒకే టేబుల్. పెద్దమ్మ, కాక ఎదురెదురుంగ. చట్నీ గిన్నె కాక దిక్కున్నది. పెద్దమ్మ నా దిక్కు చూసింది, నేను చెయ్యి చాపే లోపల కాక దాన్ని ముందుకు జరిపిండు.

వాళ్ళు ట్రాలీల వెనక్కి పోయిండ్రు, ఈసారి పెద్దమ్మ ముందట సీట్ల కూసున్నది, కాక కొడుకు వెనక ఎక్కిండు. నేను హన్మకొండ పోయి హైదరాబాద్ బస్సు ఎక్కిన. సంచిల కిలో చపాట, ఒక డబ్బల మేడారం బంగారం, కందికాయ.

బుధవారం

ఆఫీస్‌ల ఉండంగ పొద్దుగాలనే పెద్దమ్మ ఫోన్. రాత్రి మళ్ళ మబ్బు పట్టిందట, ఆ రెండు బస్తాల చపాట ఇంకా కల్లంలనే ఉండె. చినుకు పడకముందే కప్పినమన్నది. ఇద్దరు కలిసి కప్పిండ్రా అని అడిగితే అవునన్నది. "మరి నేను లేను కదా పెద్దమ్మా, ఎవరితోటి చెప్పించినవ్?"

"ఎదురింటోళ్ళ బర్రె ఆడనే కట్టేసి ఉన్నది కదరా," అన్నది. "దానికి చెప్పిన. ఆయన ఇన్నడు."